తోడు పెట్టిన మంచు

"వీనికి మళ్ళీ కాపీ కావాలంట సూడు!" అంటూ తిమ్మక్క వంటింట్లోకి నడిచింది.

సువర్చల సూట్‌కేసు జిప్పు లాగుతూ తలెత్తింది. వరండాలో చక్రాల కుర్చీలో కూర్చున్న ఓబులేసు ఎడమచేతి పిడికిలి బిగించి ఒళ్ళోనే గుండ్రంగా తిప్పుతున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆగి భార్య ముఖంలోకి చూశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

పక్షవాతంతో అతని కుడివైపు చచ్చుబడి, మాటా రాతా పోయి నాలుగేళ్ళు. అప్పటినుంచీ అతనికి మిగిలిన భాషంతా ఆ ఒక్క సైగే. అది గ్లాసులో చెంచా తిప్పినట్టు ఉంటుంది. అంటే కాఫీ అని మొదట కనిపెట్టింది తిమ్మక్క. ఓబులేసు అక్క ఆమె. అనంతపురంలోని ఈ ఇంట్లో తమ్ముడికి అన్నం పెట్టడం నుంచి గడ్డం గీయడం దాకా అన్నీ ఆమే.

"ఇందాకే కదా తాగాడు, వదినా?"

"తాగినాడమ్మా. నువ్వు యాడికన్నా బయలుదేరితే సాలు, వీనికి నాలిక పీక్కుంటాది. మామూలుగా రోజుకు ఒకటే. నువ్వు పెట్టె సర్దితే మూడు!"

కాఫీ వచ్చింది. ఓబులేసు గ్లాసు వైపు చూశాడు, సువర్చల వైపు చూశాడు. అక్క నొచ్చుకుంటుందన్నట్టు తాగాడు. మూతి తుడిపించుకుని మళ్ళీ పిడికిలి బిగించాడు.

సువర్చల అతని కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. లడఖ్ కొండల్లోని లుంగ్‌మార్ నుంచి తెల్లవారుతూనే వచ్చిన సందేశం ఇంకా ఫోన్ తెర మీదే ఉంది. ఆసుపత్రి పునాది స్తంభాల్లో ఏడో పైలు కుంగుతోంది. ప్రసూతి వార్డు గోడ పగిలింది. వెంటనే రండి.

"నువ్వు తవ్వించిందే, ఓబులేసూ! ఏడో పైలు. దానికేం రోగం వచ్చిందో నీకేమైనా తెలుసా?"

ఊరికే అడిగింది. కానీ తిరుగుతున్న పిడికిలి ఠక్కున ఆగింది. అతని కళ్ళు పెద్దవయ్యాయి. గొంతులో ఏదో గరగరలాడింది. తర్వాత ఆ పిడికిలి మునుపెన్నడూ లేనంత వేగంగా తిరగడం మొదలుపెట్టింది.

"ఇంగొక కాపీనా? కడుపు కాలిపోతాది రేయ్!" అంది తిమ్మక్క.

బయట ఆటో హారన్ కొట్టింది.

*

సువర్చల కాకినాడ పిల్ల. చలికీ ఆమెకూ బంధుత్వం రొయ్యల వల్ల కుదిరింది. ఇంజనీరింగ్ అయ్యాక దొరికిన మొదటి పని, ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో గచ్చు ఎందుకు ఉబ్బిందో కనుక్కోవడం. లోపలి చలి గచ్చు దాటి కింది మట్టిలోకి దిగింది. మట్టిలోని తడి గడ్డకట్టి భవనాన్నే పైకి ఎత్తేసింది. రొయ్యలను గడ్డకట్టించడం గురించి అందరూ ఆలోచించారు, నేల గురించి ఎవరూ ఆలోచించలేదు. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల మంచు ఒక భవనాన్ని భుజాల మీద ఎత్తుకుని నిలబడటం ఆమెకు వింతగా తోచింది. ఆ వింత ఆమెను వదల్లేదు. ఆ తర్వాత ఉద్యోగ జీవితమంతా కొండల మీదే గడిచింది. మంచు బరువు మోసే పైకప్పులు, గాలి దూరని గోడలు, గడ్డకట్టిన నేల మీద పునాదులు.

మొదటి కొండ సైటులో ఆమె చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. స్లాబు పోయించి, ఊళ్ళో అందరూ చేసినట్టే తడి గోనెసంచులు పరిపించింది. తెల్లారేసరికి సంచులూ స్లాబూ కలిసి ఒకే పలక. బోరు తవ్వకాల ఇంజనీరు ఒకతను వచ్చి బూటు కొనతో తట్టాడు. పైపొర అప్పడంలా లేచింది.

"ఇంజనీరమ్మా, ఇది కాకినాడ అనుకుంటివా? ఈడ కాంక్రీటుకు నీళ్ళు తాపకూడదు. దుప్పటి కప్పల్ల!"

అతనే ఓబులేసు. అనంతపురం పొలాల్లో పడని నీళ్ళ కోసం బోర్లు వేసి వేసి విసిగి, నీళ్ళన్నీ రాళ్ళయి కూర్చున్న చోటికి వచ్చిపడ్డానని చెప్పుకునేవాడు. ఏడాది తిరక్కుండానే ఇద్దరికీ పెళ్ళయింది. ఆమె గీసిన ప్రతి పునాదికీ ఆ తర్వాత గుంత తవ్వింది అతనే.

గడ్డకట్టిన నేలతో ఒక చిక్కుంది. మంచు రాయిలా కనిపిస్తుంది కానీ రాయి కాదు. బరువు పెడితే ఏళ్ళ తరబడి మెల్లగా జారుతూనే ఉంటుంది. దానికి విరుగుడు కనిపెట్టింది షాహీన్. కర్నూలు అమ్మాయి, సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. హిమానీనదం అడుగున దొరికిన ఒక సూక్ష్మజీవిని పెంచి, ఒకరోజు ప్రయోగశాలలో గరిటెడు తెచ్చి బకెట్ నీళ్ళలో కలిపింది. అందరూ చేతిలోని టీ ముగించేలోగా బకెట్ అడుగు నుంచి పైదాకా తెల్లగా పేరుకుపోయింది. ఓబులేసు సుత్తితో కొట్టాడు. సుత్తి ఎగిరింది. గీటు పడిన చోట మర్నాటికి గీటు లేదు. లోపలున్న జీవులే పూడ్చేశాయి.

"పాలల్లో తోడేసినట్టుందే!" అన్నాడు ఓబులేసు. తోడుమంచు అన్న పేరు అలా స్థిరపడింది.

తోడుమంచు పునాది మీద లేచిన మొదటి భవనం లుంగ్‌మార్ ఆసుపత్రి. గుంతల్లో తోడు కలిపిన నీళ్ళు పోసి పైళ్ళుగా పేరుకోనిచ్చిన కొద్ది వారాలకే, గోడలింకా లేవకముందే, అక్కడే ఓబులేసు కూలిపోయాడు. దగ్గరలోని ఆసుపత్రికి రెండు కనుమలు దాటాలి. దారి మంచుతో మూసుకుపోయింది. జీపులో భర్త తల ఒళ్ళో పెట్టుకుని ఆమె కూర్చున్నంతసేపూ అతని పెదవులు ఏదో చెప్పబోతూనే ఉన్నాయి. గమ్యం చేరేసరికి మాట పోయింది.

మరుసటి ఏడాది ఆసుపత్రి తెరిచారు. ఆ లోయలో ఇంకెవరికీ అలాంటి ప్రయాణం అవసరం పడలేదు. అది ఆమెకు ఊరట. సలుపు కూడా అదే.

*

"జూలే, ఆచేలే," అన్నాడు దోర్జే. ఆ లోయలో నమస్కారం అక్కా అనే తీరు అది. ఆసుపత్రి నిర్వహణంతా అతని చేతిలోనే ఉంది. మామూలుగా నవ్వకుండా మాట్లాడని మనిషి, ఈరోజు నవ్వలేదు.

ప్రసూతి వార్డు గోడలో అరచెయ్యి దూరేంత పగులు. ఆ పక్క వార్డును ఖాళీ చేయించారు. ఒక్క గది మాత్రం ఖాళీ కాలేదు. అందులో నెలలు నిండకుండా పుట్టిన కవలలు అద్దాల పెట్టెల్లో ఉన్నారు. గొట్టాలతో, తీగలతో గదికే కట్టేసినట్టున్నారు. గొర్రెల మందలతో తిరిగే సంచార కుటుంబం వాళ్ళది. తల్లి పేరు యాంగ్‌జోమ్. ఆమె కూర్చోదు, పడుకోదు. ఆ గది గోడ పొడవునా అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

"పిల్లల్ని కిందికి తీసుకెళ్ళలేమా?"

"మీరు దాటిన గంటకే కనుమ మూసుకుంది. హెలికాప్టరుకు వాతావరణం లేదు. గది మార్చినా ప్రమాదమే అంటున్నారు డాక్టరమ్మ," హిందీలో అన్నాడు దోర్జే. "దూలం కింద జాకీలు పెట్టించాను. రేపు సాయంత్రం దాకా మోస్తాయి. ఆ తర్వాత సంగతి మీరే చెప్పాలి."

భవనం వెచ్చదనం నేలకు తగలకుండా కింద గాలి ఆడేలా మనిషెత్తు ఖాళీ వదిలి కట్టిన ఆసుపత్రి అది. సువర్చల వంగి ఆ చీకట్లోకి దిగింది. ఏడో పైలు పక్కన నాలుగు జాకీలు దూలాన్ని ఎత్తిపట్టుకుని ఉన్నాయి. వాటి మధ్య రగ్గు కప్పుకుని, ఒక యంత్రం ముందు షాహీన్ కూర్చుంది.

"వచ్చావా అక్కా! మిగతా పైళ్ళన్నీ రాళ్ళలా ఉన్నాయి. ఇదొక్కటే. పై భాగంలో తోడు చచ్చిపోయి అంతా మామూలు మంచైపోయింది. అందుకే జారుతోంది."

"ఆవిరి పెట్టి కరిగించి మళ్ళీ తోడేస్తే?"

"ఎందుకు చచ్చిందో తెలియకుండా వేస్తే కొత్తదీ చస్తుంది. అందుకే అడుగునుంచి పైకి పొర పొరా చదువుతున్నాను." ఆమె చూపించింది. పైలు నడుమ సన్నని గొట్టంలోకి వెంట్రుకంత గాజుపోగు దిగి ఉంది. దాని కొనన ఎర్రటి వెలుగు చుక్క. "చదువుతుంటే ఒక వింత బయటపడింది. ముందు నువ్వు కూర్చో. కూర్చోమంటున్నా కదా!"

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది.

మొదట హోరు. బోరు యంత్రం దూరంగా ఆగిపోతున్న చప్పుడు. ఎవరో దగ్గారు. గంబూట్లు బురదలో పడిన శబ్దం. ఆ తర్వాత...

"రేయ్, ఆ బకెట్ ఇట్ల తే. అది కాదురా, నీలంది. నీలమంటే తెలీదా నీకు?"

సువర్చల చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"పోసిన నీళ్ళు పేరుకుంటున్నప్పుడు చుట్టుపక్కల ఏ చప్పుడైతే అవుతుందో అది ఆ పొరలో నిలిచిపోతోందక్కా," షాహీన్ నెమ్మదిగా చెప్పింది. "నేలలో బిగిసి ఉన్నంతకాలం అలాగే ఉంటుంది. కోసి బయటికి తీస్తే చిట్లిపోతుంది. వెలుగు తగిలిన పొర కూడా కరిగి సర్దుకుంటుంది. అంటే ఒక్కసారే వినగలం. నేను రికార్డు చేసిందే మిగులుతుంది. ఒక్క నిమిషం మాట బయటికి రావడానికి సగం రోజు పడుతోంది. పైలు పేరుకోవడానికి పట్టింది ఐదారు నిమిషాలు. అంతే ఉంటుంది మొత్తం."

"మళ్ళీ వేయి."

షాహీన్ మళ్ళీ వేసింది. నీలం బకెట్. మళ్ళీ.

ఓబులేసు గొంతు ఆమె దగ్గర ఎక్కడా లేదు. ఎంత వెతికిందో! ఫోన్లో మాట్లాడుకోవడమే గాని మొగుడి మాటలు రికార్డు చేసుకునే అలవాటు ఎవరికుంటుంది? పెళ్ళి వీడియోలో బ్యాండు మేళం తప్ప అతని గొంతు లేదు. మూడో ఏడు వచ్చేసరికి ఆ గొంతు ఎలా ఉండేదో తలపులోంచి కూడా జారిపోవడం మొదలైంది. మాటలు గుర్తున్నాయి. ఆ బొంగురు, ఆ విసుగులోని వేళాకోళం గుర్తులేవు. ఇప్పుడవి గడ్డకట్టిన నేలలోంచి లేచి చెవిలో కూర్చున్నాయి.

*

ఆ మధ్యాహ్నం ఇంటికి వీడియో కాల్ చేసింది. తెర మీద ముందు తిమ్మక్క నుదురు, తర్వాత ఇంటి పైకప్పు, చివరికి ఓబులేసు కనిపించారు.

"తిన్నావా సువర్చలా? ముకమంతా ఎట్ల ఎండిపోయిందో సూడు!"

"తిన్నాను. వదినా, ఆయన గొంతు విన్నాను."

తిమ్మక్కకు ఇదంతా చెప్పడానికి కొంతసేపు పట్టింది. తోడు గురించి ఆమెకు కొత్త కాదు. చప్పుడు పేరుకోవడం దగ్గర మాత్రం రెండుసార్లు అడిగింది.

"ఏమంటాండాడు మా వాడు?"

"నీలం బకెట్ తెమ్మంటున్నాడు."

"నాలుగేండ్లకు నోరు తెరిసి బకెట్ అడిగినాడా!" తిమ్మక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

ఓబులేసు తెరకేసి చూస్తున్నాడు. అతని ముఖంలో నవ్వు లేదు. ఎడమ పిడికిలి మెల్లగా లేచి తిరిగింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. ఎదురుచూసింది.

"ఇదో, మొదలుపెట్టినాడు. నువ్వు పోన్ చేస్తేనే వీనికి కాపీ గుర్తొచ్చాది. ఉండు రేయ్, పాలు పొయ్యి మీద పెడ్తా."

అతను తల అడ్డంగా ఊపడానికి ప్రయత్నించాడు. మెడ సగం దూరమే తిరిగింది. సిగ్నల్ పోయి తెర నల్లబడింది.

*

మర్నాడు పొద్దున కుడివైపు జాకీ ఒకటి మూలిగింది. ఇనుము బరువును భరించలేనప్పుడు చేసే చప్పుడు సువర్చలకు బాగా తెలుసు. అది వింటే నాలుక మీద పైసా పెట్టుకున్నట్టు ఉంటుంది. దోర్జే మరో రెండు దిమ్మెలు తోయించాడు.

"పోగు చచ్చిన పొరల అంచుకు చేరిందక్కా," అంది షాహీన్. "ఇక్కడిదాకా బతికే ఉంది, ఇక్కడినుంచి చచ్చింది. కారణం ఇక్కడే ఉండాలి."

ఈసారి ఇద్దరూ చెరొక చెవికి పెట్టుకున్నారు. దోర్జేకు తెలుగు రాదు. అయినా పక్కన కూర్చున్నాడు.

గంబూట్ల చప్పుడు. కాగితం పొట్లం విప్పిన గలగల. తర్వాత ఆ గొంతు, ఎవరికీ వినబడకూడదన్నట్టు తగ్గి, గుంతలోకి వంగి, దగ్గరగా:

"అందరూ పైన పోటోలు దిగుతాండారు. మా ఇంజనీరమ్మను నట్టనడుమ నిలబెట్టినారు. ఢిల్లీ నుంచి వచ్చినోళ్ళు, లేహ్ నుంచి వచ్చినోళ్ళు, ఆహా ఓహో అని ఒకటే పొగుడుడు. అందరి కండ్లూ దాని మీదనే. ఇంతమంది సూపు పడినాక రాత్రికి జొరం రాకుండా ఉంటాదా? దానికి చెప్తే నవ్వుతాది. సదువుకున్నోళ్ళు."

ఊపిరి తీసుకున్న చప్పుడు.

"వంటోని దగ్గర రాళ్ళుప్పు తెస్తి. మిరపకాయలు మాత్రం ఇయ్యల్యా నా కొడుకు. మా యమ్మ తీసేది, నాకు సరిగ్గా రాదు. మూడు తూర్లు తిప్పితే సాలంట. దూరం నుంచైనా తగుల్తాదిలే." కోటు చెయ్యి రాసుకుంటున్న మెత్తని శబ్దం. "ఒకటి. రెండు. మూడు."

సువర్చల కుడిచెయ్యి తనకు తెలియకుండానే పిడికిలి బిగించింది. ఒళ్ళో ఉన్న ఆ పిడికిలి వైపు ఆమె చూసింది.

అనంతపురం వరండా. సూట్‌కేసు. ఎడమచెయ్యి. నాలుగేళ్ళు. ఎన్ని గ్లాసుల కాఫీ!

"ఇప్పుడు అది తూ అని ఉమ్మల్ల," గొంతు సాగింది. "అదేమో పైన నిలబడి నవ్వతాంది. సరే, ఉమ్మేది బాకీ. ఎప్పుడో ఒకప్పుడు ఉమ్ముతాదిలే. ఈ ఉప్పు ఎవురూ తొక్కని సోట పారేయల్ల. ఈ గుంతను మించి ఎవురూ తొక్కని సోటు ఇంగ యాడుంటాది? పిడికెడు ఉప్పుకు నీ ఆసుపత్రి పడిపోదులే, ఇంజనీరమ్మా."

నీళ్ళలో సుయ్‌మని ఏదో జారిన చప్పుడు.

షాహీన్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉప్పు! మామూలు మంచుకైతే పిడికెడు లెక్కే కాదక్కా. కానీ ఈ జీవులకు విషం. అప్పట్లో మాకే తెలియదు. ఒక్క చుక్క నుంచి మొదలై ఏళ్ళ తరబడి పైకి పాకింది."

"ఉష్!" అంది సువర్చల. గొంతు ఇంకా ఉంది.

"ఇంగొక మాట," అన్నాడు ఓబులేసు, ఇంకా తగ్గి. "నీ ఎదురుగా ఎప్పుడూ చెప్పల్యా. సిగ్గు. ఈ గుంతకైతే చెప్తా. నేను నీతో ఈ కొండల్లోకి..."

హోరు. అంతే. పోగు అక్కడిదాకే చదివింది.

దోర్జే ఇద్దరి ముఖాలూ చూశాడు.

"ఆ పైన చెదిరిపోయిందో, నిలిచి ఉందో చదివితేగానీ తెలియదు," అంది షాహీన్. "సగం రోజు చాలు. చదవనా? సాయంత్రానికి అయిపోతుంది. జాకీలు అప్పటిదాకా ఆగుతాయేమో, అక్కా. నిన్న ఆగాయి కదా."

నిన్నటి సంగతి వేరు. నిన్న విన్నది పైలు కోసం. రోగం తెలియాలి కాబట్టి విన్నారు. ఇప్పుడు తెలిసింది. ఇకమీద వినేదంతా సువర్చల ఒక్కదాని కోసమే. ఆ సంగతి షాహీన్‌కూ తెలుసు, అందుకే ఆమె కళ్ళెత్తలేదు.

సువర్చల చేతి తొడుగు తీసి పైలు మీద అరచెయ్యి ఆనించింది. చలి ఎముకలోకి దిగింది. ఇక్కడే, ఈ చెయ్యి కింద, బెత్తెడు పైన, ఆ వాక్యం పూర్తవుతుంది. నేను నీతో ఈ కొండల్లోకి రాకుండా ఉంటే బాగుండేదనా? వచ్చినందుకు సంతోషమనా? జీపులో అతను చెప్పబోయింది కూడా ఇదేనా? సగం రోజు. ఒక్క సగం రోజు.

పైన అడుగుల చప్పుడు. యాంగ్‌జోమ్ నడుస్తోంది. గోడ ఈ చివర నుంచి ఆ చివరకు. ఆ చివర నుంచి ఈ చివరకు.

"జాకీలు ఎంత మోస్తున్నాయి?" అని అడిగింది సువర్చల.

దోర్జే టార్చి వేసి చూశాడు. "ఎర్ర గీత దాటాయి, ఆచేలే. ఒకటి బాగా దాటింది."

ఆమె చెయ్యి తీసేసింది. అరచేతి చర్మం మంచుకు కొంచెం అంటుకుని ఊడివచ్చింది.

"ఆవిరి పెట్టండి."

"అక్కా..."

"షాహీన్, పోగు బయటికి లాగు. దోర్జే, పై భాగమంతా కరిగించి, నీళ్ళన్నీ పంపుతో తీయించి, రెండుసార్లు కడిగించు. ఒక్క రవ్వ ఉప్పు మిగలకూడదు. నేను జాకీల దగ్గరుంటాను. త్వరగా కానివ్వండి!"

ఆవిరి గొట్టం బుసకొట్టింది. తెల్లని పొగలో ఎవరి ముఖమూ ఎవరికీ కనబడలేదు, మంచిదే అయింది. పైలు లోపల మంచు చిటపటలాడుతూ కరుగుతుంటే ఆ చిటపటల్లో మాట ఏదైనా ఉందా అని సువర్చల చెవులు తమంతట తామే వెతికాయి. అవి వట్టి చప్పుళ్ళే.

పంపు మొదటి నీళ్ళు బయటికి కక్కింది. ఆమె వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది. తెలిసీ తెలియనంత ఉప్పు. ఇంకోసారి పెట్టుకుంది.

గుంత కడిగాక షాహీన్ కొత్త తోడు కలిపిన నీళ్ళు పోసింది. అడుగునుంచి తెలుపు పైకి పాకడం మొదలైంది. ఏం చెబితే అది నిలిచిపోతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. పనివాళ్ళతో సహా అందరూ నోళ్ళు మూసుకుని నిలబడ్డారు.

"ఏదైనా చెప్పక్కా," షాహీన్ చెవిలో గుసగుసలాడింది. "భవనం ఉన్నంతకాలం ఉంటుంది."

సువర్చల తల ఊపింది, వద్దని. "నేను చెప్పాల్సిన చోటు ఇది కాదు."

పైన కవలల్లో ఒకరు ఏడ్చారు. సన్నగా, కోపంగా. రెండో గొంతు దానికి తోడైంది. తెలుపు అంచుదాకా పేరుకుని ఆగింది. దోర్జే జాకీ మర ఒక చుట్టు వదులు చేశాడు. దూలం కదల్లేదు. ఇంకో చుట్టు. కదల్లేదు. అప్పుడు నవ్వాడతను.

*

అనంతపురంలో ఎండ మండిపోతోంది. సువర్చల సూట్‌కేసు గుమ్మంలోనే వదిలేసి నేరుగా వరండాలోకి వచ్చింది.

ఓబులేసు ఆమెను చూసిన వెంటనే పిడికిలి బిగించాడు.

"వచ్చీరాకముందే మొదలుపెట్టినాడు సూడు. ఉండు రేయ్, డికాక్షన్..."

"కాఫీ వద్దు, వదినా. రాళ్ళుప్పు పట్రా."

"ఉప్పా? ఏమిటికి?"

"పట్రా ముందు."

తిమ్మక్క డబ్బా తెచ్చింది. సువర్చల పిడికెడు తీసి ఓబులేసు ఎడమ అరచేతిలో పోసి, అతని వేళ్ళు ఒక్కొక్కటే మూసింది. అతను ఆ పిడికిలి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. గొంతులో గరగర మొదలై ఆగింది. చెయ్యి అందేలా ఆమె అతని కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

చెయ్యి లేచింది. మెల్లగా ఆమె తల చుట్టూ తిరిగింది. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు రాలి ఆమె జుట్టులో పడింది. ఒకటి. రెండు. మూడోసారి భుజం నొప్పి పుట్టినట్టుంది, మధ్యలో ఆగి, మళ్ళీ పూర్తి చేశాడు. ఆ తర్వాత పిడికిలిని ఆమె నోటి ముందు పట్టుకుని ఎదురుచూశాడు.

"తూ," అంది సువర్చల. "తూ. తూ." అతని కళ్ళలోకి చూసింది. "బాకీ తీరిందా?"

ఓబులేసు భుజాలు కుదిపేసినట్టు ఊగాయి. ఏడుస్తున్నాడనుకుని తిమ్మక్క పరుగెత్తుకొచ్చింది. ఏడుపు కాదు, నవ్వు. చప్పుడు లేని నవ్వు.

తిమ్మక్క ఉప్పు డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "దిష్టా? వాడు పెండ్లానికి దిష్టి తీస్తాండాడా? మగోడు దిష్టి తీస్తాడని నాకేం తెల్సు! అయ్యో నా తండ్రీ, నాలుగేండ్లు కాపీ పోసి సంపుతినే నిన్ను!"

"ఈ ఉప్పు ఎవరూ తొక్కని చోట వెయ్యి, వదినా. గుంతల్లో మాత్రం వద్దు."

"మిద్దె మీద నీళ్ళ ట్యాంకు ఎనక ఏస్తాలే," అంటూ తిమ్మక్క ముక్కు ఎగబీలుస్తూ మెట్లెక్కింది.

వరండాలో ఇద్దరే మిగిలారు. అతని అరచేతికి అంటుకున్న ఉప్పు రవ్వల్ని సువర్చల కొంగుతో తుడిచింది.

"నువ్వు గుంతకు చెప్పింది విన్నాను. అంతా వినలేదు," అంది. "ఇంకొక మాట అన్నావు. నీతో ఈ కొండల్లోకి... అన్నావు. అక్కడికి ఆగిపోయింది. పైలు కరిగించేశాను, ఓబులేసూ. నేనే కరిగించాను. పైన పసిపిల్లలున్నారు."

అతను ఆమెను చూస్తూనే ఉన్నాడు. ఎడమచెయ్యి ఆమె తల మీదికి వచ్చి, జుట్టులో చిక్కిన ఒక ఉప్పు రాయిని వెతికి తీసింది. పెదవులు కదిలాయి. గాలి వచ్చింది, మాట రాలేదు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ ప్రయత్నించాడు.

గుమ్మంలో సూట్‌కేసు దారికి అడ్డంగా పడి ఉంది. దాన్ని తీయడానికి సువర్చల లేవలేదు. కుర్చీకి దగ్గరగా జరిగి, చెవిని అతని నోటి దగ్గర ఆనించి పెట్టింది.

"చెప్పు," అంది. "సగం రోజు పట్టినా సరే."